వంకర వేళ్ళ కోడిపిల్లల కేసు

చిన్నకోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కోడిపిల్లలు చచ్చిపోతున్నది తన చేతి వల్లేనని ఏదో ఒకనాడు తేలిపోతుందేమోనని. పాముకి భయపడదు, పిడుక్కి భయపడదు, ఆఖరికి అత్తగారికి కూడా అంతగా భయపడదు. కానీ పొదిగే యంత్రం తలుపు తెరిచి, పెంకులోంచి బయటపడలేక చచ్చిన పిల్లని చూసినప్పుడల్లా ముందు తన చేతులకేసే చూసుకునేది.

ఇంత భయపడుతున్న మనిషికి ధైర్యం చెప్పడానికి ఇంటి పెద్దమనిషి ముందుకొచ్చాడు. అదింకో కష్టం.

"అమ్మాయ్, నువ్వింక నిశ్చింతగా ఉండు" అన్నాడు బావగారు, అంటే ఆమె భర్తకి అన్నగారు. "ఈ లోకంలో నేరాలు రెండే రకాలు. నేను పరిష్కరించినవి, నా దాకా రానివి. నీ కోడిపిల్లల కేసు ఇవాళ నా దాకా వచ్చింది. ఇక అది బతికి బట్టకట్టదు."

ఆయన వృత్తి గడియారాలు బాగుచెయ్యడం. జనం గడియారాలు పెట్టుకోవడం మానేశాక ఆయన దగ్గర మిగిలింది కంటికి తగిలించుకునే భూతద్దం ఒక్కటే. పని పోయినా పనిముట్టు మిగిలినవాడు ఊరికే కూర్చోలేడు కనక డిటెక్టివ్ అయిపోయాడు. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అనే అంటారు. అది బిరుదనుకుని ఆయన మురిసిపోతాడు. అప్పటిదాకా ఛేదించిన మహా కేసు ఒకే ఒక్కటి, పోయిన చెప్పుల కేసు. ముగ్గురిని అనుమానించి, ఇద్దరితో మాటలు పోగొట్టుకుని, చివరికి ఆ చెప్పులు తన కాళ్ళకే ఉన్నాయని కనిపెట్టాడు. నేరస్థుడు ఎంతటివాడైనా వదలనన్నానా లేదా అని అప్పుడు కూడా ఛాతీ విరుచుకున్నాడు.

చిన్నకోడలు పనిచేసేది పక్కవీధి చివరున్న కోళ్ళ ఫారంలో. అక్కడ రెండు షెడ్లు. ఒకదాన్లో జనం తినే గుడ్లు పెట్టే కోళ్ళు. రెండోదాన్లో పుంజులతో కలిపి పెంచే తల్లికోళ్ళు. ఈ తల్లికోళ్ళ గుడ్లే యంత్రంలో పెట్టి పిల్లలు చేయిస్తారు. గుడ్లు పేర్చడం, తిప్పడం, బయటికొచ్చిన పిల్లల ఒళ్ళు ఆరేదాకా కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. తన చంటిపిల్లని గోడ పక్కన అట్టపెట్టెలో పడుకోబెట్టుకుని పనిచేసుకోనిచ్చే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. మిగతాచోట్ల అడిగితే పిల్ల పెద్దదయ్యాక రమ్మన్నారు. అందాకా గాలి భోంచేసి బతకమని కాబోలు.

కొంతకాలంగా గుడ్లు చూస్తే నున్నగా, బరువుగా, ముద్దుగా ఉంటున్నాయి. పిల్లలు మాత్రం సగానికి సగం పెంకులోనే పోతున్నాయి. బయటపడ్డవాటిలో చాలావాటికి కాలివేళ్ళు పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుపోయి, నిలబడలేక కూలబడుతున్నాయి. యజమానురాలు యంత్రంలో వేడి చూసింది, సరిగ్గానే ఉంది. తేమ చూసింది, అదీ సరిగ్గానే ఉంది. యంత్రం తప్పు కాకపోతే మనిషి తప్పేగా. నీ హస్తవాసి మంచిది కాదేమోనమ్మా, ఈ విడత కూడా ఇలాగే అయితే ఇంకొకళ్ళని చూసుకుంటాను అని చెప్పింది. తిట్టి చెప్పినా కొంత బాగుండేది. జాలిపడుతూ చెప్పింది.

అలాంటి సమయంలో భూతద్దం ఫారంలో అడుగుపెట్టాడు. ఒక కోడిని దగ్గరగా పరిశీలించాడు. కోడి కూడా ఆయన్ని దగ్గరగా పరిశీలించి ముక్కు మీద ఒక్కటి పొడిచింది. ముక్కు తుడుచుకుంటూ ఆయన తీర్పు చెప్పాడు. ఇది జబ్బు కాదట. విదేశీ ముఠా చేస్తున్న విషప్రయోగమట.

విదేశాలవాళ్ళకి నా కోడిపిల్లలతో ఏం పని అని యజమానురాలు అడిగింది. అదే వాళ్ళ తెలివి, ఎవరూ అనుమానించని చోటే మొదలుపెడతారు అన్నాడు. పశువుల డాక్టరుని పిలుస్తానంటే ఒప్పుకోలేదు. డాక్టరొస్తే సాక్ష్యాలన్నీ తొక్కేస్తాడట. డాక్టరు ఫీజు అడుగుతాడు, ఈయన అడగడు. అందుకని ఆవిడ ఈయన మాటకే విలువిచ్చింది.

ఇక అనుమానితుల వేట మొదలైంది. కుంటుతూ నడిచే ఒక పుంజు, గుడ్లు కొనుక్కెళ్ళే బేకరీ మనిషి, గోడ మీద పిల్లి. ముగ్గురినీ విడివిడిగా ప్రశ్నించాడు. సూటిగా జవాబిచ్చింది పుంజు ఒక్కటే. ముగ్గురూ నిర్దోషులని తేలాక మిగిలింది ఒక్క మనిషే.

"ఏమీ అనుకోకమ్మాయ్, చట్టానికి చుట్టరికం లేదు" అంటూ ఆమె చేతులు వాసన చూశాడు. "ఏదో నూనె వాసన వస్తోందే."

"పొద్దున్నే పిల్లకి నూనె రాసొచ్చాను బావగారూ. నూనె రాసిన చేతులు నూనె వాసన కాక సబ్బు వాసన వస్తాయా?"

"వెటకారం" అన్నాడాయన భూతద్దం సర్దుకుంటూ. "తప్పు చేసినవాళ్ళ మొదటి లక్షణం."

ఆ రోజునుంచి ఆమె గుడ్డు ముట్టుకునే ముందూ తరవాతా చేతులు కడుక్కుంటూనే ఉంది. చర్మం పొలుసులు లేచినా మానలేదు. పిల్లని ఎత్తుకోవాలన్నా ముందు నీళ్ళ కుళాయి దగ్గరికే పరిగెత్తేది.

భూతద్దం దర్యాప్తు రెండో దశకి చేరింది, అంటే మారువేషం. దాణా బస్తాలు మోసే మనిషి నడుం పట్టేసి సెలవు పెడితే, ఆ ఉద్యోగంలో రహస్యంగా చేరిపోయాడు. నెత్తిన గోనెసంచి, మూతికి బూట్ల బ్రష్షు వెంట్రుకలతో చేసిన మీసం. భూతద్దంగారూ మీసం జారుతోందండీ అని యజమానురాలే రోజూ గుర్తుచేస్తూ ఉండేది. జీతం లేని మనిషి ఎంత రహస్యంగా పనిచేస్తే ఆవిడకేం. పని కూడా కష్టమైనదేం కాదు. ఎర్ర గీత ఉన్న బస్తా ఎడమ షెడ్డుకి, నల్ల గీత ఉన్న బస్తా కుడి షెడ్డుకి. పాత మనిషి కళ్ళు మూసుకుని చేసేవాడు. ఈయన కళ్ళు తెరుచుకుని, ఒక కంటికి భూతద్దం కూడా పెట్టుకుని చేశాడు.

అలా వారాలు గడిచాయి. ముఠా దొరకలేదు. ఆయన బస్తాలు మోస్తూనే ఉన్నాడు. ఆ రోజుల్లో పెట్టిన గుడ్లనే చిన్నకోడలు యంత్రంలో పేర్చింది. అవి పిల్లలయ్యే రోజున, యంత్రం ముందే నేరస్థుడి ముసుగు తొలగిస్తానని ఆయన అందరికీ కబురు పెట్టాడు.

ఆ పొద్దున యంత్రం గదిలో యజమానురాలు, భూతద్దం, వేడుక చూడ్డానికొచ్చిన అత్తగారు, ఆవిడ చంకలో చంటిపిల్ల. చిన్నకోడలు తలుపు పక్కన నిలబడి, కడిగి కడిగి ఎర్రబడ్డ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఈ గదిలో ఉన్నవాళ్ళలో ఒకరు హంతకులు" అన్నాడాయన అటూ ఇటూ పచార్లు చేస్తూ.

"మాట్లాడితే మాట్లాడు కానీ అలా తిరక్కురా, పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయి" అంది అత్తగారు.

"నాకు చాలా బాధగా ఉంది. ఎందుకంటే ఆ హంతకురాలు నా సొంత..."

యంత్రం లోపల కిచకిచమంది. చిన్నకోడలు ఇక ఆగలేక తలుపు తీసింది. ఒక పిల్ల పెంకు తోసుకుని బయటికొచ్చి, తడి ఒంటితోనే లేచి నిలబడింది. దాని వెనక ఇంకోటి. దాన్ని తొక్కుకుంటూ మరోటి. ఆమె ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని తలకిందులు చేసి చూసింది. వేళ్ళు విప్పిన విసనకర్రలా ఉన్నాయి. ఇంకోదాన్ని తీసి చూసింది. అదీ అంతే. అలా చూస్తూ చూస్తూ ఏడ్చేసింది.

"...నా సొంత పరిశోధనకి భయపడి పారిపోయింది" అని వాక్యం పూర్తి చేశాడు భూతద్దం. తడబాటనేది ఆ వంశంలోనే లేదు.

యజమానురాలు మాత్రం ఆయన్ని వదల్లేదు. "మీరసలు ఏం చేశారండీ ఇన్నాళ్ళూ?"

"మీరు చెప్పిందే చేశాను. ఎర్ర గీత ఎడమకి, నల్ల గీత కుడికి. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"ఏ గుమ్మంలోంచి వెళ్ళేవారు?"

"వెనక గుమ్మంలోంచి. ముందు గుమ్మంలోంచి వెళ్ళేవాణ్ణి డిటెక్టివ్ అనరు, చుట్టం అంటారు."

ఆవిడ రెండు చేతులూ చాచి నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి మళ్ళీ అలాగే నిలబడింది. వెనకనుంచి వచ్చేవాడికి ఎడమంటే కుడి.

"అయితే బస్తాలన్నీ తారుమారు చేసేశారన్నమాట" అంది, తిట్టడానికి సిద్ధమవుతూ.

"అమ్మగారూ, ఎర్ర గీత దాణా ఏ కోళ్ళకండీ?" అని చిన్నకోడలు మెల్లిగా అడిగింది.

"తల్లికోళ్ళకి. విటమిన్లవీ ఎక్కువ వేసి కలిపేది అదే."

"మరి తల్లికోళ్ళున్నది కుడి షెడ్డులో కదండీ."

"ఇప్పుడు కుడిలో. అంతకుముందు ఎడమలో ఉండేవి. కప్పు కారుతోందని బాగుచేయిస్తూ వాటిని ఇటు, వీటిని అటు..." అంటూ ఆవిడ ఒకసారి ఎడమ షెడ్డుకేసి, ఒకసారి కుడి షెడ్డుకేసి వేలు చూపించింది.

సంగతి అంతే. కప్పు పని జరిగినప్పుడు కోళ్ళు ఇల్లు మారాయి. వాటి దాణా మాత్రం పాత ఇంటికే వెళ్తూ వచ్చింది. గీత చూసి వేసేవాడు గీతే చూశాడు. చెప్పేవాళ్ళు చెప్పిందే చెప్పారు. కోళ్ళనెవరూ చూడలేదు. తల్లికోళ్ళు పాపం చాలీచాలని దాణా తిని కూడా లోటు లేకుండా గుడ్లు పెట్టాయి. పెంకుంది, తెల్లసొనుంది, పచ్చసొనుంది, పిల్లకి కావలసిన సత్తువే లేదు. తల్లి తిన్నదే గుడ్డులోకి వస్తుంది, గుడ్డులో ఉన్నదే పిల్లకి దక్కుతుంది. తల్లికోళ్ళ రాజభోగమంతా తినే గుడ్ల కోళ్ళు అనుభవించాయి. ఆ గుడ్లతో ఊరంతా కేకులు తిన్నది, ఒక్కడికీ తేడా తెలియలేదు. భూతద్దం గుమ్మం మార్చి చేసిన తారుమారు వల్లే ఎర్ర గీత బస్తా మళ్ళీ తల్లికోళ్ళకి చేరింది.

యజమానురాలు క్షమించమని అనలేదు. యజమానులకి ఆ మాట నోరు తిరగదు. యంత్రం గది తాళంచెవి తెచ్చి చిన్నకోడలి చేతిలో పెట్టి, ఇక దీన్ని నీ దగ్గరే ఉంచుకోమంది. హస్తవాసి లేదన్న ఆ చేతిలోనే. ఆమె కళ్ళు తుడుచుకుని, అత్తగారి దగ్గర్నుంచి పిల్లని అందుకుంది. ఈసారి కుళాయి దగ్గరికి వెళ్ళలేదు.

"అయితే అసలు నేరస్థుడు కప్పు" అన్నాడు భూతద్దం, అంతా విని. "కప్పుకి సంకెళ్ళు వెయ్యలేం కనక కేసు మూసేస్తున్నాను."

వారం తిరక్కుండానే ఆయనకి కొత్త కేసు తగిలింది. మా వీధిలో దర్జీ ఇంట్లో చంటిబిడ్డ బరువు పెరగడం లేదు. ఆ తల్లి పాలు మంచివి కావేమోనని ఇంట్లోవాళ్ళు గుసగుసలు పోతున్నారు. భూతద్దం ఉయ్యాల కొలిచాడు, బిడ్డ గోళ్ళు పరిశీలించాడు, అనుమానితుల్లో బిడ్డ తల్లి పేరే ముందు పెట్టాడు. అది విన్న చిన్నకోడలు ఫారంనుంచి తిన్నగా ఆ ఇంటికే వెళ్ళింది. బిడ్డ చుట్టూ అయిదుగురున్నారు. తల్లి వంటగదిలో ఒక్కతే ఉంది. అందరూ తిన్నాక మిగిలింది కోడలు తినడం ఆ ఇంటి పద్ధతి, ఆ పూట ఏమీ మిగల్లేదు. చిన్నకోడలు హస్తవాసి గురించి గానీ, విటమిన్ల గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. తన అన్నం డబ్బా విప్పి, ఆమె చివరి ముద్ద తినేదాకా ఎదురుగా కూర్చుని లేచి వచ్చింది.

మీకు దగ్గర్లో కూడా పాలిచ్చే తల్లి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. బిడ్డ ఎలా ఉందని అడిగేవాళ్ళకి ఆ ఇంట్లో లోటుండదు, అది వాళ్ళకి వదిలెయ్యండి. మీరు మాత్రం ఇవాళే వెళ్ళి, ఆమె ఏమన్నా తిన్నదో లేదో ఒక్కసారి చూసి రండి.