అత్తగారు ఎక్కితేనే చప్పుడు

శనివారం పొద్దున అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిని కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళ్లడం, కొత్త జోడు ఇప్పించడం, ఇంటికి తీసుకురావడం. దారిలో వీలైనంత తక్కువ మాట్లాడడం. ఈ చివరిది భార్య చేర్చిన షరతు.

షరతుకు కారణం ఉంది. సోమవారం నుంచి ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరాలి. ఇక ఒక్కరోజు కూడా సెలవు పొడిగించేది లేదని ఆఫీసువాళ్లు తెగేసి చెప్పారు. పాపను చూసుకోవడానికి అత్తగారు ఏడాదిపాటు ఉంటానని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఎంత గట్టిదో పెద్దల్లుణ్ణి అడిగితే తెలుస్తుంది. అతను ఒకసారి, పాపం మంచి ఉద్దేశంతోనే, "ఆ కుర్చీ పాతది అత్తయ్యా, ఇందులో కూర్చోండి" అన్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, అట్నుంచి అటే బట్టలు సర్దుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆవిడ భారీ మనిషి. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

వీధి మలుపులో ఒక స్పీడ్‌బ్రేకర్ ఉంది. ఆవిడకు కుదుపు తగలకూడదని అల్లుడుగారు ఊపిరి బిగబట్టి, కారును దానిమీదికి అంగుళం అంగుళం చొప్పున ఎక్కించాడు. కిందనుంచి ధడేల్‌మని ఒక చప్పుడు. ఇనప బీరువాను మేడ మెట్లమీంచి దొర్లించినట్టుంది.

"అదేమిటండీ?" అన్నారు అత్తగారు వెనక సీట్లోంచి.

"రోడ్డు అత్తయ్యా."

"రోడ్డు అరుస్తుందా?"

"కొత్తగా వేశారు."

ఆవిణ్ణి దుకాణంలో దించి, కంగారుకొద్దీ అతను ఒక్కడే ఆ చుట్టుపక్కల గతుకులన్నీ వెతుక్కుంటూ తిరిగాడు. ఏ గతుకులోనూ చప్పుడు లేదు, కారు కుక్కిన పేనులా ఉంది. ఆవిడ కొత్త జోడు పెట్టుకుని వచ్చి ఎక్కారు. మొదటి గతుకులోనే ధడేల్.

కారులో ఎవరుంటే చప్పుడు వస్తోంది, ఎవరు దిగితే ఆగిపోతోంది? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే. అల్లుడుగారికి ముచ్చెమటలు పోశాయి.

"అత్తయ్యా, అటు ఎండగా ఉంటుందేమో. ఎడమ పక్కనుంచి ఇటు జరుగుతారా?"

"మబ్బు పట్టి ఉంది కదండీ."

"ఎప్పుడైనా విడిపోవచ్చు."

ఆవిడ జరిగారు. చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాసేపటికి కారు ఆపి, ముందు సీటులో గాలి బాగా తగులుతుందన్నాడు. ఆవిడ ముందుకు వచ్చి కూర్చున్నారు. ధడేల్. కొత్త కళ్లజోడులోంచి ఆవిడ అతని ముఖాన్ని చాలాసేపు చూశారు. చెమటలు కారుతున్నది అతనికైతే, గాలి తనకు కావాలంటాడేమిటో ఆవిడకు అర్థం కాలేదు.

ఇంటికి రాగానే అతను భార్యను వంటింట్లోకి లాగి చెవిలో సంగతి చెప్పాడు.

"ఆ మాట అమ్మ చెవిన పడిందో, సోమవారం పాపని చంకనేసుకుని మీరు మీ ఆఫీసుకెళ్లాల్సి వస్తుంది," అందామె.

మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఆ పేటలో అందరూ అతన్ని స్టెతస్కోపు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక చివర ఇంజనుకూ, రెండో చివర చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని రోగం చెబుతాడు. చెప్పింది సగంసార్లు తప్పవుతుంది. కళ్లు మాత్రం ప్రతిసారీ మూసుకుంటాడు.

"షాకబ్జర్ పోయింది సార్. వినక్కర్లేదు, ఫోన్లోనే తెలిసిపోయింది. సరే, మీ తృప్తికి ఇసక బస్తాలేసి చూద్దాం. ఆవిడ బరువెంతో చెప్పండి."

అత్తగారిని బరువు అడగడం కంటే కారును కాలవలో తోసేయడం తేలిక. కానీ ఆ ఇంట్లో పాప బరువు చూసే పద్ధతి ఒకటుంది. పాపను ఎత్తుకుని ఎవరో ఒకరు మిషను ఎక్కాలి, తర్వాత విడిగా ఎక్కాలి, తీసివేత చేసుకోవాలి. అల్లుడుగారు మిషను తెచ్చి హాల్లో పెట్టాడు.

"పాప బరువు చూద్దాం అత్తయ్యా. మీరు ఎత్తుకుని నిలబడండి."

"మీరే ఎత్తుకోవచ్చుగా?"

"నా బరువు నిలకడగా ఉండదండీ."

ఆవిడ నిలబడ్డారు, పాపను దించి మళ్లీ నిలబడ్డారు. అతను తీసివేత చేయలేదు. పాప వంక చూడనైనా చూడలేదు. రెండో అంకె చూసి, "అమ్మో" అన్నట్టు పెదవులు కదిపి, ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు.

అత్తగారు అక్కడే కూలబడ్డారు. ఆవిడ భర్త పోయే ముందు డాక్టర్లు ఇలాగే మాటిమాటికీ బరువు చూసేవాళ్లు. చూసి, ఇలాగే అవతలికి వెళ్లి గుసగుసలాడేవాళ్లు. ఇప్పుడు ఒక్కొక్కటీ అర్థమవుతోంది. కారు నత్తలా నడపడం, కుదుపు తగలకూడదనేగా? ఎడమ పక్కనుంచి జరగమన్నాడు, గుండె ఉండేది అటే కదా. గాలి తగలాలన్నాడు. ఇంతకంటే ఎవరు మాత్రం చెప్పగలరు? ఆవిడకు భయం వేసింది. చావంటే కాదు, పాప నడక చూడకుండా పోతానేమోనని.

అల్లుడుగారు కారును షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ స్టెతస్కోపు ఆ బరువుకు సరిపడా ఇసక బస్తాలు వెనక సీట్లో వేసి, తానే నడిపి చూశాడు. గతుకు తర్వాత గతుకు ఎక్కించాడు. చప్పుడు లేదు. అతనికి ఇది పరువు సమస్య అయిపోయింది.

"ఇసకతో లాభం లేదు సార్. ఆవిణ్ణే తీసుకురండి."

అల్లుడుగారు ఇంటికి వచ్చి, వీలైనంత మామూలుగా, "అలా బయటికి వెళ్లొద్దామా అత్తయ్యా?" అన్నాడు.

ఆస్పత్రికేనని ఆవిడ నిశ్చయించుకున్నారు. లోపలికి వెళ్లి రెండు చీరలు సంచిలో సర్దుకున్నారు. పాప నుదుటిమీద ముద్దు పెట్టారు. మెళ్లో గొలుసు తీసి కూతురి చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా" అన్నారు.

కూతురు సంచి చూసింది, గొలుసు చూసింది, మొగుణ్ణి చూసింది. "అనేశారా? మా అమ్మని ఆ మాట అనేశారా?"

"నేనేం అన్లేదు!"

"అనకుండానే బట్టలు సర్దుకుందా?"

"అల్లుడుగార్ని ఏమీ అనకే. ఆయన తప్పేముంది," అన్నారు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. దాంతో అనుమానం రూఢి అయిపోయింది. కూతురు పాపను ఎత్తుకుని తానూ కారెక్కింది. దారిపొడుగునా ముగ్గురు పెద్దవాళ్లూ నోరు విప్పలేదు, కారు మాత్రం గతుకు గతుకుకీ మాట్లాడింది.

ఆస్పత్రికి బదులు గ్రీసు మరకల షెడ్డు ముందు కారు ఆగేసరికి అత్తగారు తెల్లబోయారు. స్టెతస్కోపు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, వీధి చివరిదాకా వినబడేలా అడిగాడు.

"ఎక్కితే చప్పుడొచ్చేది ఈ అమ్మగారేనా సార్?"

కూతురు కళ్లు మూసుకుంది. అల్లుడుగారు నేల చీలితే బావుణ్ణనుకున్నాడు.

"అంటే..." అన్నారు అత్తగారు మెల్లగా. "నా బరువుకి కారు మూలుగుతోందనా, పొద్దుట్నుంచీ ఈ గొడవంతా?"

"క్షమించండి అత్తయ్యా..."

"నాకే జబ్బూ లేదా?"

"జబ్బేమిటండీ?"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ నవ్వారు. కూతురి చేతిలో గొలుసు తిరిగి లాక్కున్నారు. "ఏడాదేమిటే, ఇది బళ్లో చేరేదాకా ఉంటాను," అని పాపను ఎత్తుకున్నారు. అల్లుడుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతటితో ఇంటికి వెళ్లిపోతే సరిపోయేది. స్టెతస్కోపు ఊరుకోలేదు. పాపను తల్లికి ఇప్పించి, అత్తగారిని వెనక కూర్చోబెట్టి, షెడ్డు ముందున్న స్పీడ్‌బ్రేకర్ మీద తానే నడిపాడు. చప్పుడు లేదు. అల్లుడుగార్ని నడపమని, తాను పక్కన కూర్చున్నాడు. ధడేల్.

"మీరు గతుకు మీద బ్రేకు తొక్కరేం నాయనా?" అని అత్తగారు అమాయకంగా స్టెతస్కోపునే అడిగారు. "మా అల్లుడుగారు కారు గతుకు దాటేదాకా తొక్కే ఉంచుతారు."

స్టెతస్కోపు కారు కిందికి దూరి, కాసేపటికి పాకుతూ బయటికొచ్చాడు. "షాకబ్జర్ కాదు సార్. చక్రాన్ని పట్టి ఉంచే ఇనప ఆర్మ్‌లో మెత్తగా ఉండాల్సిన రబ్బరు బుష్ అరిగింది. ఊరికే అయితే సర్దుకుపోతుంది. గతుకు మీద బ్రేకు తొక్కితే ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి. ఒక్కళ్లే ఉంటే మీరు తొక్కరు, అమ్మగారుంటే భయపడి తొక్కుతున్నారు. బరువుది కాదు సార్ తప్పు. మీ కాలిది."

"నా కాలిదా?" అల్లుడుగారి ముఖం కందిపోయింది. "నాకు డ్రైవింగు రాదంటావా?"

"అనట్లేదు సార్. అమ్మగారుంటే రాదంటున్నా."

అల్లుడుగారు తాళాలు కారు మీద పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటివైపు నడక సాగించాడు. భార్య పిలిచినకొద్దీ అడుగుల వేగం పెంచాడు. చివరికి స్టెతస్కోపు స్టీరింగు పట్టుకుంటే, తల్లీ కూతురూ పాపా వెనక కూర్చుని, నడుస్తున్న అల్లుడుగారి పక్కనే మెల్లగా వచ్చారు.

"ఒక్క మాటకే అంత కోపమైతే ఎలాగండీ అల్లుడుగారూ? ఎక్కండి," అని అత్తగారు కిటికీలోంచి దారంతా బతిమాలారు.

ఇంటిదాకా బోలెడు గతుకులు. కారు కిక్కురుమనలేదు.