మట్టికీ పంటకీ జాతకాలు కలిపిన కంప్యూటరు

2001 జూన్ మొదటి వారంలో, సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్ళో, వ్యవసాయంలో పొరపాటు అనేది శాశ్వతంగా రద్దయింది. "పంటజోడి సాఫ్ట్‌వేర్ చెప్పింది తప్పయితే నా పేరు మార్చుకుంటాను" అని వ్యవసాయాధికారి జయరావు గారు పంచాయతీ ఆఫీసులో రిబ్బను కత్తిరిస్తూ ప్రకటించారు. మట్టి వివరాలు కొడితే చాలు, ఆ చేనికి ఏ పంట నప్పుతుందో అచ్చయి వస్తుంది.

మూడో రోజుకే ఆయన పేరు ప్రమాదంలో పడింది. రైతు యలమందయ్య నల్లరేగడి చేనికి కంప్యూటరు కుంకుమపువ్వు రాసింది.

"కుంకుమపువ్వా?" యలమందయ్య కాగితం తిరగేసి చూశాడు. "మా కోడలు నెల తప్పిన సంగతి దీనికెవరు చెప్పార్రా?"

లోపల ఎక్కించిన వాతావరణం ఏ మంచుకొండలదో గానీ, మిగతా రైతులకి ఆపిల్ వచ్చింది. జయరావు గారు ఆపరేటరు జయపాల్‌ని పక్కకి పిలిచారు. "సాఫ్ట్‌వేర్‌ని మార్చే అధికారం నాకు లేదబ్బాయ్. నిన్ను మార్చే అధికారం ఉంది."

రెండేళ్ళు తిరిగితే దొరికిన ఉద్యోగం. జయపాల్ పరీక్షకని రైతులిచ్చిన మట్టి పొట్లాలన్నీ టిఫిన్ క్యారియర్లో సర్దుకుని, యలమందయ్య ఇంట్లో లేని వేళ చూసి, ఆయన భార్య సుబ్బరావమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఏ పంట వెయ్యాలో చెప్పేది. జయపాల్ అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేవాడు. మార్చడానికి అతనికి వ్యవసాయం రాదు.

ఆ ఏడు పంటజోడి చెప్పిందల్లా పండింది. "ఆ పొలం చెక్కలో మిరప వద్దయ్యా" అని భార్య ముప్పై ఏళ్ళు మొత్తుకున్నా వినని యలమందయ్య, కాగితం చెప్పగానే పత్తి వేశాడు. పత్తి విరగకాసింది. కాగితానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించాడు.

మాఘమాసంలో హైదరాబాదు నుంచి డైరెక్టరు గారు సన్మానానికి వచ్చారు. మనిషి నోటిమాట మీద ఆధారపడే చీకటి రోజులు పోయాయని జయరావు గారు ముప్పావుగంట, నోటితోనే, ప్రసంగించారు. యలమందయ్య ఫ్రేము మోసుకొచ్చి డైరెక్టరు గారి చేతిలో పెట్టాడు. ఆయన మైకు ముందు చదివారు:

"కుడివైపు చెక్క నాలిక్కి ఉప్పగా తగుల్తాంది. మిరప వేశావంటే నిప్పుల్లో పోసినట్టే. పత్తి వెయ్యి. ఈసారన్నా నా మాట విను."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీశారు. "జయరావూ, ఈ మిషన్‌కి నాలుక ఎక్కడుందయ్యా?"

జయరావు గారు జయపాల్ వైపు చూశారు. జయపాల్ బల్ల కింద ఉందేమోనన్నట్టు వంగి చూసి, లేచి నిలబడ్డాడు.

"దీనికి లేదు సార్. సుబ్బరావమ్మ గారికుంది. మట్టి ఆవిడ చూశారు, నేను టైపు కొట్టాను. కంప్యూటరు చేసిందల్లా ప్రింటు తియ్యడమే."

యలమందయ్య ఆడవాళ్ళ వరసలో కూర్చున్న భార్యని చూశాడు. ఫ్రేము చూశాడు. జయపాల్ వైపు తిరిగాడు.

"అయితే అయింది గానీ, ఒరేయ్ జయపాలూ, నువ్వు మాత్రం ఉద్యోగం వదలమాక. పై ఏడు కూడా ఆవిడ చెప్పింది కాయితం మీద అచ్చేసి ఇయ్యి. ఉత్త నోటిమాటైతే మేం వినలేం."