ఎవరూ ఆమేన్ అనలేదు

ఆ శనివారం సువర్ణ వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. ఇంట్లో ప్రార్థన కూటం, అందరికీ ఉగ్గాణి బజ్జీ, మధ్యాహ్నం బస్సుకు భర్త జయశీలుడితో అనంతపురం ప్రయాణం, అక్కడ ఫొటో స్టూడియో. పెళ్లినాడు ఫొటోలు తీయడానికి వచ్చినవాడు రెండోసారి పాయసం వేయించుకున్నాక గానీ కెమెరాలో రీలు లేదని కనిపెట్టలేదు. అందుకే వీళ్లిద్దరూ భార్యాభర్తలన్నదానికి కణేకల్లు జనం నోటిమాట తప్ప ఇంతవరకూ మరో రుజువు లేదు. సోమవారం నుంచి జయశీలుడి ఆఫీసులో ఆడిట్. అది అతన్ని ఎప్పుడు వదులుతుందో దేవుడికే తెలియాలి. ఫొటో అంటూ దిగితే ఈరోజే దిగాలి.

ఫొటో కోసం జయశీలుడు కొత్త బెల్ బాటం ప్యాంటు ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. దాని అంచులు ఎంత వెడల్పంటే, అతను అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగేసరికి ఇల్లు ఊడ్చే పని తప్పిపోయింది. సువర్ణ చూసి మురిసిపోయింది.

కూటానికి పాదిరి ప్రసంగయ్య గారు, రైతు పాపన్న, అతని చేను గట్టు పక్కనే చేనున్న బయమ్మ, ఇంకో పదిమంది వచ్చారు. ప్రసంగయ్య గారికి ఒక పట్టుదల ఉంది. జనమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అనేదాకా ఆయన ప్రార్థన ముగించరు. ఆయన ముగించేదాకా మోకాళ్ల మీదనుంచి ఎవరూ లేవకూడదు. నలభై ఏళ్లుగా దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

"కొత్త కోడలు కాలేజీ సదివింది గదా, రెండు మంచి మాటలు చెప్పల్ల," అంది బయమ్మ.

సువర్ణకు అంతకంటే ఏం కావాలి? "ఆమేన్ అంటే ప్రార్థన అయిపోయిందని కాదు పెద్దమ్మా. 'అవును, నేనూ ఒప్పుకుంటాండా, అట్లే జరగనీ' అని. నలుగురిలో వేలిముద్ర వేసినట్లే."



"అయ్యో, ఇన్నేండ్లూ ఇంక లేసి తినొచ్చని గదమ్మా అనుకుంటిమి!" అంది బయమ్మ.

"నేను నిద్దర్లో గూడా అనేస్తా ఉంటి," పాపన్న ముఖం పాలిపోయింది. "యాడాడ వేలిముద్ర వేసినానో ఏమో!"

ఇంత మంచి బోధ విన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పి, ప్రసంగయ్య గారు అందరినీ మోకరించమన్నారు.

"తండ్రీ, ఈ కరువు నేలమీద ఈ సాయంత్రమే కుండపోతగా వాన కురిపించు!"

"ఆమేన్!" అంది బయమ్మ. ఒక్కర్తే.

"నేను ఒప్పుకోనయ్యా," అన్నాడు పాపన్న. "చెనక్కాయ పీకి చేనంతా పరిసినా. తడిస్తే బూజు పడతాది."

"నా పప్పుసెనగ మొలక ఎండిపోతాండాది. నీకేమప్పా!"

ప్రసంగయ్య గారు కళ్లు తెరవకుండానే సవరించారు. "ప్రభువా, బయమ్మ చేనులో మాత్రమే..."

"వాన గట్టుకాడ నిలబడి ఎనక్కి పోతాదా అయ్యా?"

పాదిరిగారు వానను ఉపసంహరించుకున్నారు. బయమ్మ తన ఆమేన్‌ను ఉపసంహరించుకుంది. పొరుగువారిని ప్రేమించే మనసు ఇమ్మని అడిగితే, ఆ పొరుగువాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని పెదవులు బిగించారు. ఇక ఎన్నడూ తప్పిపోని మాట ఒకటే మిగిలింది.

"నీ చిత్తము నెరవేరును గాక!"

"ఆ చిత్తం వానా, ఎండా?" అన్నాడు పాపన్న. "అది తెలిసినాక ఒప్పుకుంటా."

"అది తెలిస్తే ప్రార్థన ఎందుకప్పా!" పాదిరిగారి గొంతు మొదటిసారి పవిత్రతను కోల్పోయింది.

వంటింట్లో బజ్జీలు చల్లారుతున్నాయి. బెల్ బాటం మడతలు మోకాళ్ల కింద నలిగిపోతున్నాయి. జయశీలుడు భార్య వైపు వంగి గొణిగాడు. "అర్థాలు చెప్పేదానికి నీకు ఈపొద్దే దొరికిందా?"

"అడిగితే చెప్పినా."

"పెండ్లిలో పాదిరిగారు సమ్మతమేనా అని అడిగితే ఒక్క మాటతో సరిపెట్టినావు గదా!"

అంతలో బస్సు వచ్చి సందు చివర హోటలు ముందు ఆగింది. డ్రైవరు టీ తాగినంతసేపే గడువు. సువర్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి పాదిరిగారు కరిగిపోయి, ఎవరికీ అభ్యంతరం ఉండని సంగతి ఎత్తుకున్నారు.

"ఈ కొత్త దంపతులకు యాకోబుకు మల్లే పన్నెండుమంది కొడుకులను, ఏడాదికొకరు చొప్పున, దయచేయి తండ్రీ!"

"ఆమేన్!"

ఇల్లు అదిరింది. పాపన్న, బయమ్మ ఒక్క గొంతుతో అన్నారు. పాదిరిగారు ఆనందంగా లేవబోయారు.

"ఉండండయ్యా," అంది బయమ్మ. "కొత్త కోడలు అనల్యా."

అందరూ కళ్లు తెరిచారు.

"వేలిముద్ర వేయల్ల గదమ్మా," అన్నాడు పాపన్న. "అందునా కనేది నువ్వు."

సువర్ణ భర్త వైపు చూసింది. అతను తన ఆమేన్ ఎప్పుడో అనేశాడు. బస్సు కోసం అన్నాడో, కొడుకుల కోసం అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు. బయట హారన్ మోగింది.

"అయ్యగారూ, ఇద్దరైతే... అందులో ఒక ఆడపిల్ల..."

"దేవునితో బేరమా అమ్మా?" అన్నారు, ఇంతకుముందే వానను గట్టుదాకా బేరమాడిన పాదిరిగారు.

హారన్ మళ్లీ మోగింది. బస్సు కదులుతున్న చప్పుడు.

"ఆమేన్!" అని అరిచి, సువర్ణ భర్త చేయి పట్టుకుని పరుగెత్తింది.

కండక్టరు కేకేయడంతో బస్సు ఆగింది. వీళ్ల సీటుకు ఎదురుగా ఎర్ర త్రికోణం బొమ్మ ఉంది. ఇద్దరు పిల్లలు చాలునని దాని కింద ప్రభుత్వం విన్నవించుకుంటోంది. సువర్ణ దాన్ని అనంతపురం వచ్చేదాకా చదువుతూనే ఉంది.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. జయశీలుడు నవ్వుతున్నాడు. సువర్ణ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది.