తాళం ఫైలు సాక్షిగా

మనిషి బతికే ఉన్నాడని నమ్మడానికి ఊపిరి చాలదని నాగరిక ప్రపంచం ఎప్పుడో తీర్మానించింది. ఊపిరి ఎవరైనా పీల్చవచ్చు. దాని మీద కార్యాలయం ముద్ర ఉండదు.

మార్చి పదకొండు, శుక్రవారం. ఆ ఉదయం మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, రెండు రొట్టె ముక్కలు, సగం అరటిపండు. మిగతా సగం ఎప్పటిలాగే పళ్లెం అవతలి అంచున పెట్టారు. అది భార్య వాటా. ఆవిడ పోయాక ఆ వాటా తినే బాధ్యత మరదలు తీసుకుంది. ఎవరూ చెప్పలేదు, తనే తీసుకుంది.

"తొందరగా తెములు బావా. సాయంత్రం అయిదింటిలోగా నువ్వు బతికున్నావని తేలాలి. నాకైతే దిగుల్లేదు, నా కాగితం పోయిన నెలే వచ్చింది. ఏడాది దాకా బతికే ఉంటాను," అంది మరదలు తొక్క పారేస్తూ.

విషయం చిన్నదే. కళాశాలలో పాఠాలు చెప్పి విరమించిన మాస్టారి కుడికంట్లో శుక్లం ముదిరింది. (ఎడమకన్ను ఆయనకంటే ముందే విరమించింది.) సోమవారం ఆపరేషన్. ఆ ఆసుపత్రి బతికున్నవారికి మాత్రమే ఆపరేషన్ చేస్తుంది. అది మంచి నియమమేనని మాస్టారు కూడా ఒప్పుకున్నారు. కాబట్టి సజీవ ధ్రువపత్రం ఆరోజే అందాలి. అందకపోతే మంచం తర్వాతివారికి పోతుంది, మళ్లీ వంతు రావడానికి ఏడాది పడుతుంది. ఈలోగా ఆ కన్ను ఆగుతుందో లేదో డాక్టరు చెప్పలేదు. చెప్పకుండా తల పక్కకు తిప్పుకున్నాడు.

సజీవుల విభాగంలో గోడ పక్కన యూనిక్స్ వర్క్‌స్టేషన్ అనే పాతకాలపు కంప్యూటరు ఒకటి ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు టీ రంగుకు తిరిగింది. పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా ఆపకుండా నడిపినందుకు విభాగానికి వచ్చిన ప్రశంసాపత్రం దాని నెత్తిన అద్దాల చట్రంలో వేలాడుతోంది. ఆపరేటరమ్మాయి మాస్టారి వివరాలు కొట్టి, మీట నొక్కింది. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు.

"వరసలో ఉందండీ," అంది.

"ముందు ఎంతమంది ఉన్నారమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవరూ లేరండీ. మీరే మొదలు."

"మరి కదలదేం?"

ఆ అమ్మాయి ఇంకేదో కొట్టి, తెర చదివి, గొంతు తగ్గించింది. "డీమన్ పోయిందండీ."

"ఎక్కడికి?" అంది మరదలు.

"చచ్చిపోయిందండీ."

డీమన్ అంటే తెర మీద కనబడకుండా వెనక ఉండి, వచ్చిన కాగితాలను వరసగా ప్రింటరుకు అందించే ప్రోగ్రాము. అది పనిలో చేరగానే తన నంబరును ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది. దాన్ని తాళం ఫైలు అంటారు. అది ఉన్నంతసేపూ రెండో డీమన్ లోపలికి రాదు. పోయేటప్పుడు దాన్ని చెరిపేసి పోవడం పద్ధతి. ఈ డీమన్, డిస్కు నిండి ఊపిరాడక, ఆ పద్ధతి పాటించకుండానే పోయింది. ఆ అమ్మాయి డిస్కు ఖాళీ చేసి కొత్త డీమన్‌ను పిలిచింది. అది వచ్చి, ఫైలు చూసి, సీటులో ఎవరో ఉన్నారనుకుని మర్యాదగా వెళ్లిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా అంతే మర్యాద.

"ఆ ఫైలేదో తీసేయకూడదా తల్లీ?" అంది మరదలు.

"రెండు నిమిషాల పనండీ. కానీ తీసే అధికారం సార్‌దే."

ముద్రణ పర్యవేక్షణాధికారి మంచిమనిషి. మాస్టారికి ఫ్యాను కింద కుర్చీ వేయించి, అంతా విన్నాడు.

"ఒక ఉద్యోగి సీటులో ఉన్నట్టు రికార్డు చెబుతోంది. లేడని నేనెలా చెరిపేస్తాను మాస్టారూ?"

"చచ్చిపోయిందని మీ ఆపరేటరే చెప్పిందండీ."

"ఆ అమ్మాయి డాక్టరు కాదుగా. మరణ ధ్రువపత్రం తెండి, మీ ముందే తీసేస్తాను."

మరణాల విభాగం పక్కగదే. అక్కడ జాప్యం ఉండదు (దరఖాస్తుదారులు మనసు మార్చుకునే అవకాశం లేదు కాబట్టి). గుమాస్తా కలం తీశాడు.

"తండ్రి పేరు?"

వెంట వచ్చిన ఆపరేటరమ్మాయి ఆలోచించింది. "దీన్ని పుట్టించిన ప్రోగ్రాము ఎప్పుడో పోతే, మెషీనులో అన్నింటికన్నా ముందు పుట్టిన ప్రోగ్రాము దత్తు తీసుకుందండీ. దానికి పేరుకన్నా నంబరే ముఖ్యం. ఒకటి."

"తండ్రి, ఒకటి," అని రాసుకున్నాడు. "వయసు?"

"పదకొండేళ్లు."

"అయ్యో, పసిది," అన్నాడు గుమాస్తా, నిజంగానే బాధపడుతూ. ఆ వివరాలు కంప్యూటరులో కొట్టి, మీట నొక్కి, "పంపించాను. పక్కగదిలో ప్రింటు తీసుకోండి," అన్నాడు.

భవనం మొత్తానికి ప్రింటరు ఒక్కటే.

ఇప్పుడు వరసలో రెండు కాగితాలున్నాయి. మొదటిది, మాస్టారు బతికే ఉన్నారని. రెండోది, డీమన్ చనిపోయిందని. రెండూ ఆ డీమన్ కోసమే ఎదురుచూస్తున్నాయి.

మరదలు మళ్లీ అధికారి గదిలోకి వెళ్లింది. "సార్, మా బావ మీ ఎదురుగానే ఉన్నాడు. కావాలంటే గిల్లి చూడండి."

"గిల్లడానికి నిబంధన లేదమ్మా."

"పోనీ చేత్తో రాసివ్వండి."

"ఈ మెషీను వచ్చిన రోజే చేతిరాత పత్రాలు రద్దయ్యాయి."

"మెషీనుని ఒక్కసారి ఆపి మళ్లీ పెడితే ఆ ఫైలు దానంతటదే పోదా?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

అధికారి తలుపులోంచి అవతలి గోడమీది ప్రశంసాపత్రం వైపు చూశాడు. "పదకొండేళ్ల సర్వీసు మాస్టారూ. ఒక కంటి కోసం..." అని, సంస్కారవంతుడు గనక వాక్యం పూర్తి చేయలేదు.

ఆపరేటరమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసును మాస్టారికి కుడివైపు నుంచి అందించింది. ఆయనకు ఏ వైపు కాస్త కనిపిస్తుందో ఆ భవనంలో గమనించినది ఆ అమ్మాయి ఒక్కతే. మాస్టారు ఆ నీళ్లు చివరిదాకా తాగారు.

అయిదు కావస్తుంటే మరదలు ఆసుపత్రికి ఫోను చేసి, దాన్ని అధికారి చేతిలో పెట్టింది. "మా బావ బతికున్నాడని చెప్పండి సార్. ఒక్క మాట."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "వారి విషయం పరిశీలనలో ఉందండీ," అన్నాడు. అవతలివాళ్లు సానుభూతి తెలిపి, మంచం తర్వాతివారికి ఇచ్చేశారు.

"ఏడాది ఎంతలో వస్తుందిలే," అన్నారు మాస్టారు, లేచి తలుపు కోసం తడుముకుంటూ.

"ఇటు బావా. అది బీరువా," అని మరదలు ఆయన మోచేయి పట్టుకుని వరండాలోకి నడిపించింది.

వెనకే ఆపరేటరమ్మాయి లైట్లార్పింది. వర్క్‌స్టేషన్ మాత్రం ఆర్పలేదు. తలుపును పిల్లలు పడుకున్న గదిలాగా, మెల్లగా దగ్గరికి లాగుతోంది.

"అంత భద్రంగా వేస్తున్నావు, లోపలెవరున్నారే తల్లీ?" అంది మరదలు.

"సార్ ఆర్డరండీ. పనిలో ఉన్నవాళ్లకు చప్పుడు కాకూడదట."

తలుపు చప్పుడు కాకుండా పడింది, ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లిపోయింది. రికార్డుల ప్రకారం లోపల ఒకరు పనిలో ఉన్నారు. అవే రికార్డుల ప్రకారం, బావ మోచేయి వదలకుండా పట్టుకున్న మరదలు వరండాలో ఒక్కతే నిలబడి ఉంది.