కార్డు చెప్పింది, నేను కాదు

కొత్తగా పెళ్లయిన అమ్మాయికి పుట్టింటివాళ్లు మంచం, బీరువా ఇస్తే ఇచ్చారు, లేకపోతే మానేశారు. ఒరాకిల్ కార్డుల డబ్బా ఒకటి మాత్రం సారెలో తప్పకుండా పెట్టి పంపాలి! ఈ మాట నేను అల్లాటప్పాగా అనడం లేదు. పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం నేర్పిన అనుభవంతో అంటున్నాను.

అమీర్‌పేటలో ఒరాకిల్ అన్న మాట పైకి అంటే చాలు, ఎవరో ఒకరు చేతిలో పాంప్లెట్ పెట్టి డెమో క్లాసుకి లాక్కుపోతారని నాకు తెలుసు. ఇది ఆ కోర్సు కాదు. ఇవి బొమ్మల కార్డులు. మనసులో ఒక ప్రశ్న అనుకుని, పేక కలిపి, ఒక కార్డు తీస్తాం. దానిమీద ఒక బొమ్మ, బొమ్మ కింద చిన్న సలహా. చిలక లేని చిలకజోస్యం అనుకోండి. చిలక పని కూడా మనమే చేసుకోవాలి. మా ఆయన భాషలో చెప్పాలంటే సెల్ఫ్ సర్వీస్!

ఇంత చదువుకుని ఇదేం పిచ్చి అంటారా? అయ్యా, మా మైత్రీవనం సందులోకి ఒకసారి రండి. ఇంజనీరింగ్ పాసైన పిల్లలు ఆకాశం కనబడకుండా కట్టిన ఫ్లెక్సీల కింద నిలబడి, జావా నేర్చుకోవాలా డాట్ నెట్ నేర్చుకోవాలా అని ఇరానీ చాయ్ తాగుతూ ఆలోచిస్తుంటారు. చివరికి రూమ్మేట్ బావమరిది ఏది నేర్చుకున్నాడో అందులో చేరిపోతారు. దానికంటే నా కార్డులు ఏం తక్కువ? కనీసం బొమ్మలైనా ఉన్నాయి!

ఇక నా కథ. నేనూ ఆ ఫ్లెక్సీల కిందే టెస్టింగ్ కోర్సు చేశాను. ఉద్యోగం కూడా వచ్చేసింది! అదీ ఎక్కడ? పంజాగుట్టలో! మా బాల్కనీలో కాస్త వంగి చూస్తే ఆ ఆఫీసు బిల్డింగ్ మీది డిష్ యాంటెన్నా కనిపిస్తుంది. బట్టలు ఆరేసేటప్పుడు ఎవరూ చూడకుండా దానికి చెయ్యి ఊపేదాన్ని కూడా. హైదరాబాదులో ఆఫీసుకి నడిచి వెళ్లగలగడమంటే మాటలా?

చిక్కు ఒక్కటే. వాళ్లు చేరమన్న సోమవారం ఆషాఢంలో పడింది.

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు. అత్తా కోడలూ ఆ నెల ఒకే గడప దాటకూడదు. కాబట్టి కోడలు పుట్టింటికి వెళ్లి గోరింటాకు పెట్టుకుని కూర్చోవాలి. మా పుట్టిల్లు తణుకు. తణుకు నుంచి పంజాగుట్టకి నడిచి వెళ్లడం కష్టం. ఒక నెల ఆగుతారా అని ఫోన్లో అడిగితే, ఆఫీసువాళ్లు ఇంగ్లీషులో నవ్వారు. ఆ సోమవారం చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

సరే, ఇంట్లో వాళ్లని అడిగాను. మా ఆయన కేదార్ అమెరికా వాళ్ల పగలంతా మేలుకుని, మన పగలంతా పడుకునే ఉద్యోగం చేస్తారు. ఆయన లోపలికి వచ్చేటప్పుడు పాలవాడు బయటికి వెళ్తుంటాడు. మాకు పెళ్లయిన రోజు నుంచీ ఆషాఢమే అనుకోండి. అయినా ఆయన ఇంటికొచ్చి పళ్లు తోముకునే కాసేపట్లో ఆయన మొహం ఎంత ముద్దుగా ఉంటుందో మీకు చెప్పను! ఆ మొహంతోనే అడిగాను, "ఏవండీ, చేరనా, వెళ్లనా?"

"నీ ఇష్టం మంజూ," అన్నారు నురగలోంచి.

ఎంత విశాల హృదయం! ఆ పూటంతా పొంగిపోయాను. సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మా అత్తయ్యగారు హైమవతి గారు కూడా, "నాదేముందమ్మా, నీ ఇష్టం," అన్నారు. అంటూనే అటక మీది సూట్‌కేసు దింపించి దుమ్ము దులిపారు. మావయ్యగారు బుచ్చిబాబు గారు, "నీ ఇష్టం తల్లీ," అని తణుక్కి రిజర్వేషన్ చేయించుకొచ్చారు. ఫోన్లో మా అమ్మ, "అంతా నీ ఇష్టమే, గోరింటాకు చెట్టు నీకోసమే కొమ్మ విరవకుండా ఉంచాను," అంది.

చూశారా, ఎంత స్వేచ్ఛ! ఇంతమంది కలిసి నా ఇష్టాన్ని నాకే ఒప్పజెప్పారు, టికెట్టుతో సహా. నీ ఇష్టం అన్నాక ఇంకెవరినీ ఏమీ అడగడానికి లేదు. నా ఇష్టం ఇదీ అని చెబితే మాత్రం ఏం బాగుంటుంది? "ఎంత మాటంది కొత్త కోడలు!" అనరూ?

అప్పుడే నాకు కార్డులు గుర్తొచ్చాయి. ఆర్కుట్‌లో మా కాలేజీ ఫ్రెండ్ రవళి రాసింది, తన ప్రశ్నలన్నీ కార్డులే తేల్చేస్తున్నాయని. అంతే, చెప్పులేసుకుని పంజాగుట్టకి నడిచాను.

చీరల షాపు మీద మొదటి అంతస్తులో ఉంటుంది గిరిబాబు దుకాణం. ఒకప్పుడు అది ఎస్‌టీడీ బూత్, తర్వాత జిరాక్స్ సెంటర్. ఇప్పుడు అన్నీ అదృష్టం వస్తువులే. నవ్వే బుద్ధుళ్లు, నోట్లో నాణెం పెట్టుకున్న కప్పలు, నీళ్ల గిన్నెలో తాబేళ్లు. కార్డులు కావాలని, కనిపించిన డబ్బా తీసి ప్యాక్ చెయ్యమన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్ల కొంటే పని చెయ్యయి మేడం. జర కూసోండ్రి. ఒక్కొక్క డబ్బా చేతిల పట్టుకొని కండ్లు మూసుకోండ్రి. మనసుకు నప్పిందే తీస్కోండ్రి. మీరు దాన్ని పసంద్ చేసుడు గాదు, గదే మిమ్మల్ని పసంద్ చేస్తది."

"ఇంటికెళ్లాక నప్పకపోతే?"

"వాపస్ తెండ్రి, మారుస్త. ఫికర్ చెయ్యకుండ్రి!"

నాకు కళ్లు చెమర్చాయి. మా పెళ్లిచూపుల్లో నాకూ కేదార్‌కీ దొరికింది డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన పది నిమిషాలు. అందులో సగం ట్యాంకు నిండి పొర్లి, మోటారు ఆపమని ఇద్దరం కలిసి అరవడంతోనే గడిచింది. అదృష్టం బాగుండి నప్పారు! ఒక అట్టడబ్బాకి మాత్రం కూర్చోబెట్టి, ఫ్యాన్ వేసి, నీకు నప్పిందా అని మూడుసార్లు అడిగారు. పాఠకులారా, మీలో ఎంతమందిని ఎవరైనా అలా అడిగారు?

కాబట్టి నా సలహా. తొందరపడకండి. మొదట దేవదూతల కార్డులు పట్టుకున్నాను. ఏది తీసినా ఒక తెల్లమ్మాయి రెక్కలు విప్పి, "అంతా మంచే జరుగుతుంది" అంటుంది. ఆ మాట చెప్పడానికి అమీర్‌పేటలో ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఒక కౌన్సెలర్ ఉన్నాడు. వద్దనుకున్నాను. తర్వాత మత్స్యకన్యల కార్డులు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లోకి వాళ్లని తీసుకెళ్లడం పాపం. తోడేళ్ల కార్డులు కూడా ఉన్నాయి. అర్ధరాత్రి కొండ మీద ఒంటరిగా కూర్చుని చంద్రుణ్ణి చూస్తున్న తోడేలుని చూస్తే మా ఆయన నైట్ షిఫ్ట్ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

చివరికి ఒకటి దొరికింది. ఏటి ఒడ్డు బొమ్మలు, నీళ్ల రంగులతో వేసినవి. చేతిలో పట్టుకుంటే కొత్త క్లాసు పుస్తకాల వాసన. కళ్లు మూసుకున్నాను. నప్పింది!

ఆదివారం సాయంత్రం, అందరూ ఇంట్లో మేలుకుని ఉండే ఒకే ఒక్క పూట, డబ్బా హాల్లోకి తెచ్చాను. మీ దగ్గర దాపరికమెందుకు? సూర్యోదయం కార్డు ముందే పైన పెట్టుకున్నాను. దానికింద "కొత్త పని మొదలుపెట్టు" అని ఉంది. నేనడిగితే తప్పు గానీ, సూర్యుడు చెబితే ఎవరేమంటారు?

"జోకర్ ఏదమ్మా?" అన్నారు మావయ్యగారు కార్డులు చూడగానే.

"ఇది రమ్మీ కాదండీ. ఆషాఢానికి వెళ్లాలా వద్దా అని అడుగుదామనీ..."

"ఏదీ, ఇలా ఇయ్యి," అన్నారు అత్తయ్యగారు.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మావాళ్లలో పేక చేతికొస్తే కలపకుండా వదిలేవాళ్లు ఉండరు. పైగా మా అత్తయ్యగారు పెళ్లిళ్లలో మగపెళ్లివారి విడిదిలో తెల్లవార్లూ పేకముక్కలాడి మగవాళ్లని ఓడించి లేపేసిన మనిషి! కార్డులు ఆవిడ చేతుల్లో ఫడఫడమన్నాయి. నా సూర్యుడు ఎక్కడికి పోయాడో ఆ దేవుడికే తెలియాలి. మావయ్యగారు అలవాటుగా కట్ చేశారు. పైన ఉన్న కార్డు అత్తయ్యగారే తీశారు.

పడవ. ఖాళీ పడవ, ఏటి ఒడ్డున.

పడవంటే ప్రయాణమే కదా? సూట్‌కేసు వైపు చూశాను. బాల్కనీలోంచి యాంటెన్నా వైపు కూడా చూశాను. ఇక చెయ్యి ఊపే పని లేదు.

అత్తయ్యగారు కార్డుని కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకున్నారు. ఎంతకీ దించరే!

"ఇది మా లంకలో పడవలా ఉందిరా," అన్నారు కొడుకుతో. "మా ఊరెళ్లాలంటే నర్సాపురంలో బస్సు దిగి పడవెక్కాలి. నేను పడవెక్కి ఎన్నేళ్లయిందో!"

"చాలా ఏళ్లయింది," అన్నారు మావయ్యగారు టీవీ రిమోట్ వెతుకుతూ.

"కార్డు నాకొచ్చింది. అంటే నన్ను వెళ్లమంటోంది. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదన్నారు గానీ, కోడలే వెళ్లాలని ఎవరన్నారు? ఈసారి నేను వెళ్తాను మా తమ్ముడింటికి. నెలంతా! అమ్మాయి ఉద్యోగంలో చేరుతుంది."

ముందుగా మావయ్యగారే తేరుకున్నారు.

"మరి నా కాఫీ సంగతేంటి హైమా?"

"మీ ఇష్టం," అన్నారు అత్తయ్యగారు.

నేను ఆ కార్డు మళ్లీ చూశాను. అందులో పడవకి ఒక తాడు ఉంది. ఆ తాడు ఒడ్డున గుంజకి గట్టిగా కట్టి ఉంది. కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో, "ఉన్నచోటే ఉండు" అని ఉంది. నాకు తాడు కనబడింది. ఆవిడకి పడవే కనబడింది. కార్డు తీసి డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కాను.

ఆ సూట్‌కేసుతోనే అత్తయ్యగారు లంకకి వెళ్లారు. నేను నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్తున్నాను. మా ఆయన కాఫీ పెట్టడం నేర్చుకున్నారు. వాళ్ల నాన్నగారు తాగడం నేర్చుకుంటున్నారు. పొద్దున్నే కేదార్ వచ్చేటప్పుడు నేను వెళ్తూ, గడప దగ్గరే ఇద్దరం కలిసి ఒక కప్పు తాగుతాం. ఎంత బాగుంటుందో! పాలవాడికి కాస్త ఇబ్బంది.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, ఈ కార్డులు ఎంత గొప్పవో? ఇంటి కోడలు నోరు విప్పి చెబితే పొగరు. ఇంటి పెద్దావిడ చెబితే ఈ వయసులో చాదస్తం. అదే మాట అట్టముక్క చెబితే అందరూ టీవీ ఆపి వింటారు! పుట్టింటికి వెళ్లాలనుందని చెప్పడానికి మా అత్తయ్యగారికి ఇన్నేళ్లూ లేనిది ధైర్యం కాదు, కార్డు!

కాబట్టి మీకు నప్పే డబ్బా ఎలా ఎంచుకోవాలంటే, మీరు ఇంట్లో అనలేని మాట ఏదుందో ముందు తేల్చుకోండి. ఆ మాట పలికే బొమ్మ ఎందులో ఉంటే అదే తీసుకోండి. నేను చెబుతున్నది అబద్ధమైతే మా పై పోర్షన్ మమతని అడగండి. వాళ్లది సిరిసిల్ల. వాళ్లాయనది టైలరింగ్ షాపు. నిన్న పిండి జల్లెడ తిరిగివ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది:

"అక్కా, నీ కార్డుల డబ్బా జర ఇస్తవా? మా ఆయనకు ఒక మాట చెప్పేదుంది."