ప్రతి ఇల్లాలికీ ఒక పిస్తోలు

ప్రతి తెలుగు ఇల్లాలికీ ఒక పిస్తోలు ఉండి తీరాలి!

ఈ మాట అంటున్నది ఏ ముఠా నాయకురాలో అనుకునేరు. నా పేరు ఏసుమణి. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ప్రస్తుత నివాసం సిడ్నీలో వెస్ట్‌మీడ్, రెండో అంతస్తులో అద్దె ఫ్లాటు. నాకు ఒక భర్త, ఒక కూతురు, ఒక పాత కరోలా కారు, చిన్న తూటాలు కాల్చే ఒక పాయింట్ టూటూ పిస్తోలు ఉన్నాయి. ఈ నాలుగింట్లో చెప్పిన మాట వినేది చివరిదొక్కటే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

మిగతా వివరాలు అప్రస్తుతం. అయినా మనవాళ్ళు అడక్క మానరు కనక చెప్పేస్తాను. అక్కడ ఒక మిషను ఆస్పత్రిలో పదకొండేళ్ళు సర్జన్ని. ఇక్కడ ఒక పెద్దాస్పత్రిలో నాలుగేళ్ళుగా రోగుల భోజనాల ట్రాలీ తోస్తున్నాను. బయటి దేశపు డాక్టర్లు ఇక్కడివాళ్ళు పెట్టే పరీక్షలన్నీ గట్టెక్కితే గాని ఇక్కడ మనిషిని ముట్టుకోకూడదు. రాశాను, మళ్ళీ రాశాను. ఆ గొడవ అలా ఉంచండి. మనకి కావలసింది పిస్తోలు.

పిస్తోలు వైపు నన్ను నడిపించిన పుణ్యాత్మురాలు నోరీన్. ఆస్పత్రి వంటింట్లో సలాడ్లు తరుగుతుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆదివారం పొద్దున్నే పిస్తోలు క్లబ్బుకి పోయి కాగితపు బొమ్మలకి చిల్లులు పొడిచి వస్తుంది. ఒకరోజు నేను నిండు సూపు గిన్నె చుక్క తొణక్కుండా దించడం చూసి, "నీ చేతులు అస్సలు వణకవే! కమ్ అలాంగ్, లవ్" అంది. నాలుగేళ్ళలో నా చేతుల గురించి ఎవరైనా మంచిమాట అనడం అదే మొదటిసారి. ఎలా కాదంటాను?

మొదటి శుభం ఏమిటంటే, పిస్తోలు చవక. సెకండ్ హ్యాండుది, నా అరచేతిలో ఇమిడిపోయేంత బుల్లిది. పరీక్ష ఫీజు కంటే తక్కువకే వచ్చింది. పైగా పరీక్ష ఫీజు కడితే చేతికి రసీదు మాత్రమే వస్తుంది, ఇక్కడ వస్తువు వచ్చింది!

రెండో శుభం, దొరతనంవారి మర్యాద. లైసెన్సు ఫారంలో "మీకు పిస్తోలు ఎందుకు?" అని ఒక గడి ఉంది. నేను అమాయకంగా "ఆత్మరక్షణకి" అని రాశాను. పోలీస్ స్టేషన్లో సార్జెంటుగారు, పెద్దమనిషి, అది చూసి చిన్నగా దగ్గి, ఈ దేశంలో అది కారణం కింద లెక్కలోకి రాదన్నారు. మరేం రాయాలన్నాను. "స్పోర్ట్ అని రాయండి" అన్నారు. చూశారా ఎంత నాగరికతో! ప్రాణం కాపాడుకోవడానికి ఇవ్వరు, పొద్దు పోవడానికైతే ఇస్తారు.

ఎవరైనా పెద్దమనిషి సంతకం కావాలంటే ద్వారకానాథ్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గుండె డాక్టరు, ఇరవై ఏళ్ళ కిందట ఇంగ్లండు మీదుగా వచ్చారు. ఇంగ్లండు గాలి తగిలిన డిగ్రీకి ఇక్కడ పరీక్ష ఉండదు. మనిషి మాత్రం బంగారం. "నీ పరీక్ష కాగితాల మీద కూడా పెట్టేవాణ్ణేనమ్మా, కానీ అక్కడ నా సంతకం చెల్లదు కదా! ఇక్కడైనా చెల్లుతుంది, ఇలా తే" అని రెండు చోట్ల పెట్టారు.

ఇక పరీక్ష. అవును, పిస్తోలుకీ పరీక్ష ఉంది! ఒక శనివారం సాయంత్రం గంటసేపు పాఠం, తరవాత పది ప్రశ్నలు. పాఠం చెప్పింది క్లబ్బు సెక్రటరీ బ్యారీ, టైర్ల షాపు యజమాని. పిస్తోలు ఎటువైపు చూపకూడదు? మనుషుల వైపు. గుళ్ళు ఉన్నాయో లేవో తెలియకపోతే ఏమనుకోవాలి? ఉన్నాయనుకోవాలి. పదికి పది వచ్చాయి. నాకు ఇంగ్లీషు వచ్చా అని ఎవరూ అడగలేదు. డాక్టర్నైతే ముందు ఇంగ్లీషు పరీక్ష రాయాలి. "ఎక్కడ నొప్పి?" అని అడగడానికి ఇంగ్లీషు కావాలి గాని తుపాకీ గురిపెడితే ఏ భాషలోనైనా అర్థమవుతుంది కాబోలు. ఆరు వారాల్లో లైసెన్సు ఇంటికి వచ్చింది.

అద్దె ఇళ్ళలో ఉండే సోదరీమణులకి ఇంకో శుభవార్త. మా ఇంటి ఓనరు గోడకి కేలండరు మేకు కొట్టనివ్వడు. నాలుగేళ్ళుగా ఏసుప్రభువు పటం సోఫా మీద కూర్చునే ఉంది. పిస్తోలుకి ఇనప్పెట్టె కావాలి, దాన్ని గోడకి బోల్టులతో బిగించాలి, అది చట్టం అని చెప్పగానే ఓనరు తనే డ్రిల్లింగ్ మిషను తెచ్చి నాలుగు బోల్టులు బిగించి వెళ్ళాడు. అప్పటినుంచి అద్దె పెంచే మాట ఎత్తలేదు. ప్రభువుని ఇనప్పెట్టెకి ఉన్న హుక్కుకి తగిలించాం.

వెంట తీసుకెళ్ళడం అంటారా? అందులోనూ గొప్ప క్రమశిక్షణ ఉంది. పిస్తోలు ఖాళీగా ఉండాలి, తాళం వేసిన సంచిలో ఉండాలి, తూటాలు వేరే ఉండాలి, ఇంటినుంచి తిన్నగా క్లబ్బుకి, క్లబ్బునుంచి తిన్నగా ఇంటికి రావాలి. మా వారు జార్జికి ఇది నచ్చలేదు. ఆయన రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్, ప్రతిదానికీ ప్లాను గీసి చూసుకునే రకం.

"మరి దొంగ వస్తే ఏం చేస్తావే?"

"కూర్చోమంటాను. కాఫీ పెడతాను. మీరు ఆయనకి పాత ఆల్బం చూపిస్తూ ఉండండి. ఈలోగా నేను తాళంచెవి వెతికి పెట్టె తీసి, వంటగదిలోంచి తూటాలు తెచ్చి..."

"కాఫీలో పంచదార ఎంతో కూడా అడుగు. ఇదేం సెల్ఫ్ డిఫెన్సే?"

"సెల్ఫ్ డిఫెన్స్ కాదండీ, స్పోర్ట్!"

తాళం ఉన్న సంచి కోసం ఇల్లంతా వెతికితే అటక మీద నా పాత డాక్టరు బ్యాగు దొరికింది. ఇత్తడి తాళం, తోలు ఇంకా గట్టిగానే ఉంది. కొలిచి చేయించినట్టు పిస్తోలు అందులో సరిపోయింది. లోపలున్న స్టెతస్కోపు తీసి బల్లమీద పెడితే మా ఏడేళ్ళ షీనా దాన్ని మెళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మమ్, ఈజ్ దిస్ ఎ రియల్ వన్?"

"రియలే తల్లీ."

"హూజ్ ఈజ్ ఇట్?"

జార్జి గబగబా కిటికీ వైపు తిరిగాడు. నేను ఏం చెప్పానో ఇక్కడ రాయను.

అన్నిటికంటే పెద్ద శుభం, సంఘంలో గౌరవం. మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నం ఒక అద్దె హాల్లో జరుగుతుంది. ఒకప్పుడు నేను అడుగుపెట్టగానే క్లారా ఆంటీ నలుగురికీ వినపడేలా, "పాపం, అంత చదువూ చదివి ట్రాలీ తోస్తందంట!" అనేవారు. పిస్తోలు కొన్నాక ఆ "పాపం" అన్నది మళ్ళీ వినపడితే ఒట్టు! నా కోసం ప్రత్యేక ప్రార్థన కూడా చేశారు. బిర్యానీ వడ్డించేటప్పుడు నా పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువ పడుతున్నాయి. డాక్టర్నని నాలుగేళ్ళు మొత్తుకున్నా పడని ముక్కలవి!

ఇంత శుభప్రదమైన వస్తువుకి ఒక్క లోపం ఉంది. పేలినప్పుడు దాని పైభాగం ఒక్క ఊపున వెనక్కి వస్తుంది. చిన్న పిస్తోలు, పెద్ద చెయ్యి అయితే ప్రమాదమే. మొన్న మార్చిలో నోరీన్ నా దాన్ని సరదాగా తీసుకుని కాల్చింది. ఆ పైభాగం వెనక్కొచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీరేసింది. రక్తం ధారగా కారుతోంది.

నేను చేతిరుమాలు తీసేలోపు బ్యారీ పరుగెత్తుకొచ్చాడు. క్లబ్బుకి ఫస్ట్ ఎయిడ్ ఆఫీసరు కూడా ఆయనే. పెట్టె తెరిచి ఏ గుడ్డ తియ్యాలో తెలియక అన్నీ బయటపడేస్తున్నాడు.

"బ్యారీ, నన్ను చూడనియ్యి. ఐ యామ్ ఎ సర్జన్."

"రిజిస్టర్డ్ హియర్, లవ్?"

"నాట్ యెట్."

"అయితే వద్దమ్మా. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. ఇదిగో, ఈ రోల్ పట్టుకో."

అతను చెడ్డవాడు కాదు. చేతులు వణుకుతున్నాయి, నుదుటిమీద చెమట. నేను గాజుగుడ్డ రోల్ పట్టుకుని నిలబడ్డాను. నాలుగు కుట్లు పడాలి, లోపలి కండరం తెగలేదు, వేలు ఆడుతోంది. అన్నీ నాకు కనపడుతూనే ఉన్నాయి. నోరీన్ నా మొహం వంకే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఎవరో కుర్ర డాక్టరు నాలుగు కుట్లే వేశాడు.

ఇలా కాదని ఒక శనివారం ఫస్ట్ ఎయిడ్ కోర్సుకి పోయాను. రబ్బరు బొమ్మ నోట్లో ఊదాను, కట్లు కట్టాను. సాయంత్రానికి "సమర్థురాలు" అని సర్టిఫికెట్ ఇచ్చారు. అంచేత ఇప్పుడు నా పరిస్థితి ఇదీ: ఆస్ట్రేలియాలో తుపాకీ కాల్చడానికి నాకు లైసెన్సుంది. తూటా తగిలిన మనిషికి కట్టు కట్టడానికి సర్టిఫికెట్ ఉంది. ఆ రెంటికీ మధ్య, మనిషి వంట్లోంచి తూటా తియ్యడానికి మాత్రం పనికిరాను.

మే నెలలో పరీక్షవాళ్ళ ఉత్తరం వచ్చింది. రాత పరీక్ష పాసయ్యాను, అభినందనలు! రెండో పేరాలో, ఈ పందొమ్మిది వందల తొంభైరెండు నుంచి తరవాతి పరీక్షకి లెక్క ప్రకారం ఇంతమందినే పిలుస్తామనీ, ఆ లెక్క నిండిపోయిందనీ, అందులో నేను లేననీ రాశారు. జార్జి ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి, "పోనీలే ఏసుమణీ" అన్నాడు. అన్నం తినలేకపోయాను.

సరిగ్గా ఆ వారమే క్లబ్బులో, కొత్తవాళ్ళకి నేర్పించే బాధ్యత తీసుకోమన్నారు. దానికి పోలీసులకి ఇంకో ఫారం పెట్టాలి. "తుపాకీలకి సంబంధించి గత అనుభవం ఎన్నేళ్ళు? వివరాలు రాయండి" అని ఉంది. నాకు ఒళ్ళు మండి ఉన్నది ఉన్నట్టు రాసేశాను. పదకొండేళ్ళు. మన్యంలో నాటు తుపాకీలు పేలి గాయపడినవాళ్ళ వంట్లోంచి గుళ్ళు తీశాను. తొమ్మిదిమంది. ఎనిమిదిమంది బతికారు.

సార్జెంటుగారు అది చదివి కళ్ళజోడు తీశారు.

"అంటే... మీరు తీసేవైపా?"

"అవునండీ. కాల్చేవైపు అనుభవం ఏడాదే. కొట్టేస్తారా?"

"కొట్టెయ్యడమెందుకు? తుపాకీ ఏం చేస్తుందో మీకంటే ఎవరికి తెలుసు? ఇట్ కౌంట్స్" అని, ఎనిమిదిమంది అన్నచోట ఒక క్షణం ఆగి, ఠక్కున స్టాంపు వేశారు. డిగ్రీ కాగితాల నకళ్ళు అడగలేదు, యూనివర్సిటీకి ఉత్తరం రాయలేదు. ఫారం నా వైపు తిప్పి, "సైన్ హియర్, డాక్టర్" అన్నారు.

డాక్టర్!

నాకు ఏడుపొచ్చింది. పోలీస్ స్టేషన్ కౌంటరు ముందు నిలబడి ఏడ్చేశాను. ఆయన కంగారుపడి స్టాంపు వేసిన కాగితం వంకా నా వంకా చూశారు. నిజమే కదా, మనసు నిలకడ లేనివాళ్ళకి పిస్తోలు ఇవ్వకూడదు. కంట్లో నలక పడిందని చెప్పి గబగబా సంతకం పెట్టేశాను.

కాబట్టి, డిగ్రీలు పెట్టెల్లో పెట్టుకుని వచ్చిన అక్కల్లారా, చెల్లెళ్ళారా! ఈ దేశంలో ఒక్క గవర్నమెంటు ఆఫీసులోనైనా డాక్టర్ అనిపించుకోవాలని ఉంటే, నా మాట విని ఒక పిస్తోలు కొనుక్కోండి.