ఒక్క 'ఆఁ'తో ఇల్లు ఖాళీ

ఆ రోజు పదకొండింటికి టీచరమ్మ మొదటి ఆన్‌లైన్ క్లాసు. బళ్లో పిల్లలకు ఏళ్ల తరబడి కుట్టుపని నేర్పి రిటైరైన మనిషి, ఊరికే కూర్చుంటే పొద్దు పోక, కూతురు ఇచ్చిన పాత లాప్‌టాప్ ముందేసుకుని, కాజాలు కుట్టడం మొదలు చొక్కా కత్తిరించడం దాకా నేర్పుతానని ప్రకటించింది. ఆరుగురు ఆడవాళ్లు చేరారు కూడా. తెల్లవారేసరికే బల్ల మీద గుడ్డముక్కలు, దారపు ఉండలు, కత్తెర, సుద్దముక్క బారులు తీరాయి. ఇక మొగుడు ప్రెస్సాయన చేయవలసిందల్లా గోడకున్న ఇంటర్నెట్ పెట్టెను కనిపెట్టుకుని ఉండటమే.

ఆయన కాఫీ తాగి వచ్చి చూసేసరికి పెట్టె మీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలుగుతోంది.

"ఏమోయ్, పెట్టె ఎర్రబడింది!"

"పోనీలెండి. ఇవాళ్టికి క్లాసు మానేద్దాం," అంది టీచరమ్మ తలెత్తకుండా.

"ఆఁ?"

"మానేద్దాం అంటున్నా."

"మానేయడమేమిటి! నేను చచ్చానా?"

ప్రెస్సాయన గురించి కాస్త చెప్పుకోవాలి. బతుకంతా అచ్చాఫీసులో యంత్రం నడిపాడు. ఆ యంత్రం మూలపడుతూ పడుతూ ఆయన చెవులను కూడా వెంట తీసుకుపోయింది. ఈ సంగతి వీధి మొత్తానికి తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు. ఈ మధ్య లోకమంతా నోట్లో నోట్లో గొణుక్కుంటోందని ఆయన వాదన. అందుకే ఎవరేమన్నా 'ఆఁ?' అంటాడు. మన 'ఆఁ' అల్లాటప్పా మాట కాదు. పైకెత్తి అంటే ఏమన్నావని, దించి అంటే అవునని, సాగదీస్తే చెప్పొచ్చావులే అని. తెలుగు పుట్టుక పుట్టిన వాళ్లెవరికీ ఈ తేడా చెప్పనక్కర్లేదు. యంత్రాలకు మాత్రం ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

ఆయన పట్టుదలకు కారణం లేకపోలేదు. కొన్నాళ్లుగా ఆవిడ అద్దం ముందు నిలబడి "అందరికీ నమస్కారం" అని సాధన చేయడం తలుపు సందులోంచి చూస్తున్నాడు. బడి మానేశాక ఆమె మొహంలో అంత కళ రావడం అదే మొదలు. అది మళ్లీ పోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆయన సహాయ కేంద్రానికి ఫోన్ కొట్టాడు. తేనె పూసిన గొంతుతో ఒక యంత్రం పలికింది.

"మీరు ఇంటర్నెట్ గురించి ఫోన్ చేశారా?"

"ఆఁ?"

"ధన్యవాదాలు. మీరు ఇల్లు మారుతున్నారా?"

"ఆఁ?"

"ధన్యవాదాలు. పాత ఇంట్లో కనెక్షన్ తీసేయమంటారా?"

"ఆఁ? కాస్త గట్టిగా చెప్పమ్మా!"

"ధన్యవాదాలు. మా మనిషి కాసేపట్లో మీ ఇంటికి వస్తాడు."

ఆ ఆఖరి ముక్క ఒక్కటీ ఆయనకు స్పష్టంగా వినిపించింది. ఫోన్ పెట్టేసి మీసం దువ్వుకున్నాడు. "చూశావా! ఎంత మర్యాద, ఎంత మర్యాద! నోరు విప్పకుండానే పనైపోయింది."

టీచరమ్మ విప్పిన దారాన్ని మళ్లీ ఉండ చుడుతూ కూర్చుంది.

అన్నట్టే మనిషి వచ్చాడు, భుజాన సంచీతో. "ఇదేనా సార్ తీసెయ్యాల్సింది?" అని అడిగాడు. ఈయన "ఆఁ?" అన్నాడు. అతను పెట్టెను గోడ నుంచి ఊడదీసి, "వైరు ముందే పీకి ఉంచారే, మంచి పని చేశారు," అని మెచ్చుకుని, సంచీలో వేసుకున్నాడు. పనిమంతుడు పాపం, మేకుల రంధ్రాలు కూడా పూడ్చాడు.

"మరి కొత్తదో?"

"కొత్తింట్లో పెడతాం సార్."

"కొత్తది పెడతాం సార్" అని వినిపించింది ప్రెస్సాయనకు. సంతోషంగా గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. అతను కింద బండిలోంచి కొత్త పెట్టె తెస్తాడని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బండి కదిలింది, వీధి మలుపు తిరిగింది. వెనక్కి చూస్తే గోడ మీద పెట్టె ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. ఎర్రదీపమైనా ఉండే ఇంట్లో ఇప్పుడు అదీ లేదు.

మళ్లీ ఫోన్. యంత్రం కాదు మనిషి కావాలని అరిచి గోల చేస్తే ఎట్టకేలకు ఒక మనిషి దొరికాడు. ఈసారి టీచరమ్మ స్పీకరు నొక్కి, ఫోన్ మొగుడి చెవికి ఆనించింది.

"సార్, ఆ ఇంట్లో మీరిప్పుడు లేరండి."

"లేకేం? ఇదిగో, కుర్చీలో కూర్చున్నా!"

"మా దగ్గర మీరు ఖాళీ చేసినట్టుంది సార్."

"నేను చెయ్యలేదయ్యా బాబూ!"

"మరి ఖాళీ చేసిందెవరు సార్?"

"నన్నడిగితే?"

"మీ ఇబ్బంది అర్థమైంది సార్. కొత్త ఇంటి అడ్రసు చెప్పండి."

ఈయన ఉన్న ఇంటి అడ్రసే చెప్పాడు.

"అది పాతది సార్. పాతదాన్ని కొత్తదంటే సిస్టమ్ ఒప్పుకోదు. ఇంకేమైనా సాయం కావాలా?"

పెనం మీంచి పొయ్యిలో పడ్డానని ప్రెస్సాయనకు అప్పుడు తెలిసింది. ఆ పొయ్యి రాజుకోవడానికి ఇంకొంచెం టైము పట్టింది. కనెక్షన్ ఇంటి ఓనరమ్మ పేరు మీద ఉంది. కింది వాటాలో ఉండే ఆవిడ ఫోనుకు 'రెండో అంతస్తు వారు ఖాళీ చేశారు' అని మెసేజీ పోయింది. ఆవిడ చేతిపని వదిలేసి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఇన్నేళ్లు ఒక్క ఇంటివాళ్లలా ఉన్నాం కదా వదినా! వెళ్లిపోతూ నాకొక్క మాట చెప్పకూడదూ?" అంటూ కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. "నావల్లేమైనా పొరపాటు జరిగిందా అన్నయ్యగారూ?"

"ఆఁ?" అన్నాడు ప్రెస్సాయన.

ఓనరమ్మ ఘొల్లుమంది.

ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జరిగిందంతా టీచరమ్మ విడమరిచి చెప్పింది. ఓనరమ్మ ముక్కు ఎగబీల్చి లేచింది. "ఓస్, ఇంతేనా! నా ప్రాణం లేచొచ్చింది. మా వాటాలో ఇంటర్నెట్ ఉండగా మీకు కరువేమిటి? పద వదినా, టైమవుతోంది!"

టీచరమ్మ మొహం పాలిపోయింది. అది ఎవరూ చూడలేదు. ప్రెస్సాయన లాప్‌టాప్ చంకనెట్టాడు, ఓనరమ్మ గుడ్డముక్కలు కొంగున మూటగట్టింది. ముగ్గురూ కిందికి దిగారు. ఓనరమ్మ తన భోజనాల బల్ల మీద అన్నీ అమర్చి, మనవడితో రోజూ మాట్లాడే అలవాటు కొద్దీ చకచకా ఏవో నొక్కేసి, వంటింట్లోకి వెళ్లింది. ప్రెస్సాయన భార్యను కూర్చోబెట్టి కుర్చీ ముందుకు జరిపాడు. ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకుని ఆపింది.

"ఏవండీ, తీగ నేనే పీకానండీ," అంది మెల్లగా.

"ఆఁ?"

"పొద్దున్న. పెట్టె వెనక తీగ."

"ఆఁ? ఎవరి ఈగ?"

ఇక ఆమెకు ఓపిక నశించింది. "ఈగ కాదు, తీగ! నేనే పీకాను! నాకు భయమేసింది! పిల్లల ముందైతే వేరు. వీళ్లు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు. నోరు పెగలకపోతే నవ్వుతారని భయమేసి నేనే పీకాను!"

అప్పుడు లాప్‌టాప్‌లోంచి ఒక గొంతు వినిపించింది.

"టీచరుగారూ, నాకు మిషను సూది కింద వేలు పడుతుందని భయమండీ. ఇప్పుడు కూడా చెయ్యి ఒళ్లోనే దాచుకున్నా."

"నాకైతే మా అత్తగారంటే భయం," అంది ఇంకొకావిడ. "తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నా."

ఓనరమ్మ నొక్కుళ్లకు క్లాసు ఎప్పుడో మొదలైపోయింది, తెర మీద ఆరు మొహాలూ నవ్వుతున్నాయి. కానీ టీచరమ్మ భయపడిన నవ్వు అది కాదు. ఆమెకు కూడా నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రెస్సాయనకు ఈసారి అంతా వినిపించింది. పొద్దుటి నుంచి తాను పడిన పాట్లన్నీ ఒక్క తీగ గుచ్చితే తీరేవని కూడా అర్థమైంది. కోపం రావాల్సిందే, ఎందుకో రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు భయమనేది ఒకటుంటుందని ఆయనకు తోచనే లేదు. వంగి ఆమె చెవిలో, "నేనూ ఒకటి దాచాను. నాకు చెవులు సరిగా వినపడటం లేదోయ్," అన్నాడు.

"తెలుసులెండి," అందామె. అది ఆయనకు వినపడలేదు. ఆమె ఆయన చేతి మీద ఒకసారి తట్టి, తెర వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "అందరికీ నమస్కారం. భయమున్నవాళ్లంతా ముందు సూదిలో దారం ఎక్కించండి."

పై వాటాకు కనెక్షన్ రావడానికి వారం పట్టింది. చివరికి ఓనరమ్మ బుర్రకే ఉపాయం తట్టి, అదే ఇంటికి 'మెట్లెక్కగానే ఎడమచేతి వాటా' అని అడ్రసు మార్చి రాయించింది. సిస్టమ్ మహదానందంగా ఒప్పుకుంది. పాత మనిషే ఆ సంచీతోనే వచ్చి, తాను పూడ్చిన రంధ్రాలను తానే మళ్లీ తవ్వి, పెట్టె బిగించి, నడుము మీద చేతులు వేసుకుని ఇల్లంతా కలయజూశాడు. చెవికి కొత్తగా మిషను పెట్టించుకున్న ప్రెస్సాయనకు అతని మాట ప్రతి అక్షరమూ వినిపించింది.

"పాతింటి కన్నా ఇదే నయం సార్, మెట్లు కూడా తక్కువే."